పేరు చెప్పినవాళ్లే ముందు నడవాలి

మా కోడలు అశ్విని కాపురానికి వచ్చిన కొత్తలో మా ఇంట్లో దిండు గలీబులు మాయం కావడం మొదలైంది. మొదట చాకలి మీద అనుమానపడ్డాను, తరువాత వాషింగ్ మెషీన్ మీద. చివరికి ఒక ఆదివారం పొద్దున, నేను గొలుసుకుట్టుతో మల్లెమొగ్గలు కుట్టిన గలీబు ఒకటి బాత్‌రూమ్‌లో బకెట్లో కనిపించింది. మూతి బిగించి ముడి వేసి ఉంది. తీద్దామని చేయి చాపితే అది తనంతట తనే కదిలింది.

"అత్తమ్మా, ముట్టకుండ్రి! అండ్ల పామున్నది" అంటూ వంటింట్లో నుంచి కోడలు పరుగెత్తుకొచ్చింది.

ముప్పై ఏళ్లు ప్రొద్దుటూరులో ఆడపిల్లల హైస్కూల్లో తెలుగు చెప్పిన గొంతు నాది. ఆ పూట అది మేమిప్పుడు ఉంటున్న మణికొండ మొత్తానికీ వినిపించిందని మా అబ్బాయి కిరణ్ ఇప్పటికీ ఆటపట్టిస్తాడు. ఆటపట్టించడానికి వాడికి నోరెలా వస్తుందో నాకు తెలియదు, ఆ రోజు మంచమెక్కి నిలబడ్డది వాడే.

"నీరుకట్టు పామే అత్తమ్మా, విషముండదు. ఎవల్దో విల్లాల నీళ్ల తొట్ల పడ్డది. పొద్దుమీకి చెరువు కాడ ఇడిసిపెట్టొస్త. ఫికర్ వద్దు."

"ఫికర్ సంగతి దేవుడెరుగు. గలీబెందుకు తీసినావు?"

"నూలు గుడ్డ కదా, గాలాడ్తది."

పామును ఇంటికి తెచ్చినందుకు తిట్టాలా, నా చేతిపనిని పాముకు పడకగా వేసినందుకు తిట్టాలా అన్న సందిగ్ధంలో రెండింటికీ తిట్టాను. ఆమె తలవంచుకుని విన్నది, సాయంత్రం పామును వదిలి వచ్చింది, గలీబు ఉతికి ఆరేసింది, తరువాతి వారం ఇంకొకటి తీసుకుపోయింది. మా కోడలితో పోట్లాడటం అంటే ఇలాగే ఉంటుంది.

అశ్వినిది నానక్‌రామ్‌గూడ. ఇప్పుడు అద్దాల మేడలు లేచిన చోట వాళ్ల నాన్న రాజయ్య వరి పండించేవాడు. కోతలప్పుడు మడిలో జెర్రిపోతు కనబడితే ఆయన కూలీలను ఆపేసి, అది గట్టు దాటిందాకా కొడవళ్లు ఎత్తనిచ్చేవాడు కాదట, ఎలుకలను అదే తింటుందని. ఆ గట్టు మీద కూర్చుని చూసిన పిల్ల పెద్దదై, ఆ మేడల్లోనే ఒకదాంట్లో ఉద్యోగం చేస్తూ, మా కిరణ్‌ను అక్కడే చూసుకుంది. ఇతరులు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు వెతికి పట్టుకోవడం ఆమె పని. నేను పిల్లల కాంపోజిషన్లలో జీవితాంతం చేసింది అదే కాబట్టి ఆ ఒక్క విషయంలో మాకు బాగా కుదిరింది. శని ఆదివారాలు మాత్రం పాములవి. అటవీశాఖ అనుమతి ఉన్న ఒక బృందంలో చేరింది. ఎవరింట్లో పాము కనబడినా ఫోను వస్తుంది, హెల్మెట్ పెట్టుకుంటుంది, నా గలీబు తీసుకుంటుంది.

ఆమె ఆఫీసులో ఒక పద్ధతి ఉందట. కొత్త ప్రోగ్రాము జనంలోకి వదలడానికి ఎవరు "సరే" అంటారో, వదిలే రోజున వాళ్లు సీట్లో నుంచి లేవకూడదు. ఏది చెడినా మొదటి ఫోను వాళ్లకే మోగుతుంది. అశ్విని ఈ పద్ధతిని పాముల దగ్గరికి తెచ్చిపెట్టుకుంది. విషం లేదని ఎవరు చెప్తారో వాళ్లే ముందు నడవాలి. తను అక్కడ లేకపోతే పేరు చెప్పదు. చందానగర్ నుంచో, ఇంకెక్కడి నుంచో రోజూ ఫోటోలు వస్తాయి, "ఇది ఏం పాము మేడమ్?" అని. "దూరంగ ఉండుండ్రి, మనిషిని పంపుతున్న" అంటుందే తప్ప పేరు బయటపెట్టదు.

"ఏం తల్లీ, ఈ కాలంలో డాక్టర్లు కూడా ఫోన్లోనే మందు చెప్తాండారు. నీకేంటికి అంత బెట్టు?" అన్నాను ఒకసారి.

"మందు తప్పయితే మార్చొచ్చు అత్తమ్మా. నేను ఏంగాదంటే వాళ్లు పోయి చెయ్యి పెడ్తరు. ఒక్క గుర్తు చూసి పాముకు పేరు పెట్టొద్దు. అన్ని గుర్తులు ఒక్కటే మాట చెప్పాలె. గప్పుడు కూడ, చెప్పినోళ్లే ముందు పోవాలె."

బాగానే ఉంది అనుకున్నాను. నా పుట్ట జోలికి వచ్చిందాకా.

మా అపార్ట్‌మెంట్ పక్క ఖాళీ స్థలంలో బండరాళ్ల మధ్య ఒక పుట్ట ఉంది. మణికొండకు వచ్చినప్పటి నుంచీ నాగులచవితికి నేను పాలు పోసేది అక్కడే. మా అంతస్తులోని ఆడవాళ్లను కూడా కూడగట్టి తీసుకెళ్లేదాన్ని. ఒక చవితినాడు ఉపవాసంతో, పసుపు చేతులతో ఇంటికొచ్చి, పుట్టలో నాగన్న తోక దర్శనమిచ్చిందని చెప్పాను. మా కోడలు అబద్ధమైనా ఆడొచ్చు కదా!

"అది జెర్రిపోతు అత్తమ్మా. నేను మస్తుసార్లు చూసిన."

"అంటే, ఇన్నేండ్లూ నేను పాలు పోసింది జెర్రిపోతుకా?"

"పాములు అసలు పాలే తాగయి. అదింకో ముచ్చట."

మరునాడు నేను ఒక నిర్ణయానికి వచ్చాను. అది నాగుపామేనని నిరూపించి, ఈ పిల్ల ముఖం ఎలా పెడుతుందో చూడాలి. కిరణ్ ఊటీ ప్రయాణానికి కొన్న దుర్భిణి అటక మీద నుంచి దించాను. చలికాలం పొద్దులన్నీ బాల్కనీలో కాఫీ గ్లాసుతో కూర్చున్నాను. ఎండ ఎక్కగానే అది బయటికొచ్చి బండమీద పడుకునేది. నేను పడగ కోసం కాచుకుని ఉండేదాన్ని.

అది పడగ ఎత్తనే లేదు. నిలువెత్తు మనిషిని మించిన పొడవు. పసుపు కలిసిన గోధుమరంగు ఒళ్లు. ముందు సగం మామూలుగా ఉండి, వెనుక సగం మీద నల్లటి అల్లిక గీతలు, తోక వైపు పోయేకొద్దీ మరీ స్పష్టంగా. తోక సన్నగా కొరడాలా సాగేది. కాకి నీడ పడితే చాలు, అంత పాము క్షణంలో రాళ్ల సందున మాయమయ్యేది. నాగన్నకు ఇంత పిరికితనమా అని నాకే కోపం వచ్చేది. ఈ పరిశోధన సంగతి కోడలికి చెప్పలేదు. ఎప్పటికైనా ఒక్కసారి పడగ విప్పకపోతుందా అని పంతం.

ఈ ఏడు వానలు మొదలైన వారంలో ఆ స్థలంలోకి జేసీబీ వచ్చింది. పుట్ట ఉన్న వైపు బండలు తవ్వుతుంటే మా ఇంటి కిటికీలు అదిరాయి. కిరణ్, అశ్విని ఇద్దరూ ఆఫీసుకు వెళ్లిపోయారు. మా ఇంట్లో గిన్నెలు తోమే సత్తెమ్మ, నేను ఉన్నాం. సత్తెమ్మ మా వాచ్‌మన్ తిరుపతి భార్య. కింద పార్కింగ్‌లో వాళ్లకు ఒక గది ఉంది. ఇంతలో సెక్యూరిటీ వాళ్ల ఈల మోగింది, కింద గోల లేచింది. "పాము! పాము!" అన్న కేకలు విని ఇద్దరం లిఫ్ట్‌లో దిగాం.

మా అసోసియేషన్ సెక్రటరీ గిరీష్ ఏ పనైనా పద్ధతి ప్రకారం చేస్తాడు. పోయిన ఏడాది ఎవరి కారు కిందో పాము కనబడినప్పటి నుంచి ఆయన దీనికీ ఒక పద్ధతి తయారుచేశాడు. ఈల ఊదాలి, గేట్లు వేయాలి, గోడ కింది తూములన్నిటికీ బిగించిన జాలీలు మూసి ఉన్నాయో లేదో చూడాలి. ఆ రోజు అంతా అక్షరాలా అమలైంది. పుట్ట పోగొట్టుకుని మా ఆవరణలోకి వచ్చిన పాము, వచ్చిన దారి మూతబడి, ఏ తూము దగ్గరికి పోయినా జాలీ తగిలి, వెనుక కర్రలు తరుముతుంటే, తెరిచి ఉన్న ఒకే ఒక తలుపులో దూరింది. గిరీష్ పరుగెత్తి బయట గడియ పెట్టాడు. "పామును గదిలో బంధించాం, ఎవరూ ఆందోళన పడకండి" అని గ్రూపులో మెసేజ్ కూడా పెట్టేశాడు.

సత్తెమ్మ ఆ తలుపు చూసింది.

"నా బిడ్డ లోపటున్నది! ఉయ్యాల్ల పండవెట్టొచ్చిన!"

తిరుపతి నీళ్ల ట్యాంకర్ కోసం రోడ్డు మీదికి పోయి ఉన్నాడు. పాప నిద్రపోతోంది కదా, గిన్నెలు తోమి వచ్చేస్తానని సత్తెమ్మ మా ఇంటికి వచ్చింది. ఆ సంగతి అక్కడ ఎవరికీ తెలియదు.

గిరీష్ ముఖం తెల్లబోయింది. వెంటనే గడియ తీసి తలుపు కాస్త తెరిచాడు. తలుపు చాటునే ఉన్న పాము మూరెడు ఎత్తు లేచి, మెడ ఉబ్బించి, గుర్రుమని శబ్దం చేసింది. "పడగ! నాగుపాము!" అని వెనుకనున్నవాళ్లు అరిచారు. ఆయన చేయి తనంతట తనే తలుపు మూసేసింది.

అక్కడి నుంచి తలా ఒక మాట. పాములు పట్టే బృందానికి ఫోను చేస్తే గచ్చిబౌలి ట్రాఫిక్‌లో ఉన్నామన్నారు. కిటికీలో నుంచి దోమల పొగ వదిలితే పాము స్పృహ తప్పుతుందని ఒకాయన. పాప సంగతేమిటని ఇంకొకామె. తలుపు నెట్టుకుని పోబోయిన సత్తెమ్మను ఇద్దరు ఆడవాళ్లు గట్టిగా పట్టుకున్నారు. "విడువుండ్రి! నన్ను కరిస్తే కరవనీ!" అని ఆమె గింజుకుంటోంది. లోపల పాప లేచింది. ఏడుపు మొదలైంది. చీర ఉయ్యాల, పైగా ఆ పిల్ల ఈమధ్యనే బోర్లా పడటం నేర్చింది. ఉయ్యాల అంచు మీదికి దొర్లితే నేరుగా గచ్చు మీద పడుతుంది, పాము ఉన్న చోటే.

నేను కోడలికి ఫోను చేశాను. ఆమె అంతా విన్నది. గొంతులో తొందర లేదు.

"ఫోటో వద్దు అత్తమ్మా. కిటికీ కాడికి పోయి మీ కండ్లతోని చూడుండ్రి. ఊచలల్ల చెయ్యి పెట్టకుండ్రి. ఏం చేస్తున్నది?"

కళ్లజోడు సవరించుకుని చూశాను. పాము తలుపు దగ్గర లేదు. కిటికీ కింది బల్ల ఎక్కి, ఊచలకు అవతల కొట్టిన దోమతెర పొడుగునా తల రాస్తూ పోతోంది, మూలకు పోయి మళ్లీ వెనక్కు వస్తోంది. బయటికి దారి వెతుకుతోంది. నా ముఖానికీ దానికీ మధ్య ఒక మూర దూరం.

"దారి వెతుకుతాండాది. ఉయ్యాల దిక్కు చూడనే లేదు."

"మెడ ఉబ్బించిందన్నరు. ముంగట నుంచి చూస్తే వెడల్పుగ, చేట లెక్క అయిందా? పక్క నుంచి చూస్తే ఉబ్బిందా?"

అప్పుడే ఎవరో తలుపు తట్టారు. పాము గిరుక్కున తిరిగి మళ్లీ మెడ ఉబ్బించింది. ఈసారి నా కళ్లకు రెండు వైపులా దొరికింది. పక్కకు తిరిగినప్పుడు గొంతు దిగువకు సంచిలా ఉబ్బింది. నాకెదురుగా తిరిగినప్పుడు ఆ మెడ చాకు అంచులా సన్నగా ఉంది. పడగైతే ఎదురుగా చూసినప్పుడు విప్పారాలి. మెడ వెనుక నాగుపాముకు ఉండే తెల్లని గుర్తు కూడా లేదు. కన్ను పెద్దది, గుండ్రం, చిన్న తలలో సగం అదే అన్నట్టు. పై పెదవి మీద కాటుకతో నిలువుగా గీతలు గీసినట్టు నల్లటి గీతలు. ఇక ఒళ్లు సంగతి నన్ను అడగనక్కరలేదు. వెనుక సగం మీద ఆ నల్ల అల్లిక, ఆ కొరడా తోక, చలికాలమంతా నా కాఫీ చల్లారిపోయేలా చేసిన పాము అది.

చూసినవన్నీ వరుసగా చెప్పాను.

"అత్తమ్మా, నేను ఆడ లేను. నేను పేరు చెప్పను" అంది అశ్విని. "చూసింది మీరు. చెప్పాల్నా వద్దా అన్నది మీ ఇష్టం. చెప్పిన్రంటే ఏం చెయ్యాల్నో మీకు తెలుసు."

తెలుసు. ఆమె నోటి వెంట అన్నిసార్లు విని విసుక్కున్నది నేనే కదా. నా చుట్టూ సగం అపార్ట్‌మెంట్ నిలబడి ఉంది. అందులో నా వెంట పుట్టకు వచ్చి పాలు పోసిన ఆడవాళ్లందరూ ఉన్నారు. లోపల పాప ఏడ్చి ఏడ్చి గొంతు బొంగురుపోతోంది. ఉయ్యాల ఒక పక్కకు వాలుతోంది.

"అది నాగుపాము కాదు" అన్నాను. తరగతి గది చివరి బెంచీకి వినబడే గొంతుతో అన్నాను. "జెర్రిపోతు. విషం లేదు. మన పుట్టలో ఉండింది అదే. ముందు నేను పోతా. నా వెనకాల సత్తెమ్మ వస్తాది. ఇంకెవరూ రావద్దు."

"మేడమ్, ఒకవేళ కాకపోతే?" అన్నాడు గిరీష్.

"కాకపోతే ముందుండే కాళ్లు నావే గదా నాయనా. నువ్వు పోయి వెనక తూముకు జాలీ తీసెయ్. ఆ పక్కన గుట్ట ఇంకా తవ్వలేదు. దానికి పోయే దారి కావల్ల. కర్రలు కింద పడెయ్యండి."

గిరీష్ కారులో నుంచి స్పానర్ తెచ్చి, మోకాళ్ల మీద కూర్చుని, తాను బిగించిన బోల్టులు తానే విప్పాడు.

ఫోను చెవి దగ్గరే ఉంది. "తలుపు మొత్తం తెరువుండ్రి" అంటోంది కోడలు. "నడుమల నిలబడకుండ్రి, దారి దానిది. గోడ పక్కపొంటి మెల్లగ పోవుండ్రి."

తలుపు బార్లా తీశాను. వెలుతురు గది చివరిదాకా పడింది. గోడకు వీపు ఆనించి ఒక్కొక్క అడుగు వేశాను. సత్తెమ్మ నా కొంగు పట్టుకుని వెనకాలే ఉంది. పాము బల్ల మీద నుంచి ధబ్బున దూకింది. గచ్చు మీద ఒళ్లు విదిలించి, తలుపు వెలుతురు వైపు తిరిగింది. నా పాదం మీదుగానే పోయింది. చల్లగా ఉంటుందనుకున్నాను, పొడిగా ఉంది. గడప దాటి, కార్ల కింద నుంచి, తెరుచుకున్న తూములోకి జారింది. ఉయ్యాల వైపు అది ఒక్కసారి కూడా తిరగలేదు.

సత్తెమ్మ బిడ్డను ఎత్తుకుని నేల మీద కూలబడింది. పాప వెక్కుతూ తల్లి జాకెట్టు పట్టుకుని లాగింది. సత్తెమ్మ ఏడుస్తూనే పాలిచ్చింది. నేను ఆమె పక్కనే చతికిలబడ్డాను.

కాసేపటికి అశ్విని స్కూటీకి సరిగా స్టాండు కూడా వేయకుండా దిగి వచ్చింది. ముందు పాప ఒళ్లంతా చూసింది. తరువాత నా కాళ్లు చూసింది.

"నిజంగ మీరే ముంగట పోయిండ్రా?"

"అమ్మనే" అంది సత్తెమ్మ.

కోడలు నా ఎదురుగా కూర్చుని నా పాదం తన ఒళ్లోకి తీసుకుంది. గీరుడు కూడా లేదు కానీ ఎంతసేపటికీ వదల్లేదు.

"భయం కాలేదా అత్తమ్మా?"

"పాముకు భయపడలేదు. అది జెర్రిపోతని నాకు బాగా తెలుసు. కానీ నా మాట నమ్ముకొని ఆ పిల్ల నా కొంగు పట్టుకొని వస్తాంది. ఒకవేళ నేను తప్పు చెప్పుంటే? ఆ ఒక్క ఆలోచనకే భయపడినా."

"నాకు ప్రతిసారి గదే భయం" అంది అశ్విని.

ఇన్నాళ్లూ ఈ పిల్లకు భయమంటే తెలియదనే అనుకున్నాను. మొండిదని ప్రొద్దుటూరులోని మా చెల్లెళ్లందరికీ ఫోన్లు చేసి మరీ చెప్పాను. ఆమె చేయి గట్టిగా పట్టుకున్నాను. నాకు ఏడుపొచ్చింది. నా కోడలని గర్వంగా అనిపించింది. రెండూ ఒకేసారి వచ్చాయి.

ఆ ఆదివారం పొద్దున మళ్లీ ఫోను మోగింది. ఆమె హెల్మెట్ పెట్టుకుంటుంటే, పట్టుచీరల కింద ఆమెకు దొరకకుండా దాచిన మల్లెమొగ్గల గలీబుల జత తీసి మడతపెట్టి చేతికిచ్చాను.

"చూసినాకనే పేరు చెప్పు" అన్నాను.

"చూసినంకనే అత్తమ్మా" అని ఆమె మెట్లు దిగింది. నేను బాల్కనీలోకి వెళ్లి, స్కూటీ మలుపు తిరిగిందాకా చూస్తూ నిలబడ్డాను.